తరిమేవాళ్లు లేని పరుగు

బిల్ బోవర్‌మన్ అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో పరుగుల కోచ్. 1962లో ఆయన కుర్రాళ్లు నలుగురు కలిసి నాలుగు మైళ్ల రిలేలో న్యూజిలాండ్ పేరిట ఉన్న ప్రపంచ రికార్డును లాగేసుకున్నారు. ఆ ఏడాది చివర్లో జట్టుతో సహా ఆ న్యూజిలాండ్‌కే అతిథిగా వెళ్లాడు. వయసు యాభై ఒకటి. రోజంతా మైదానంలో నిలబడి కుర్రాళ్లని అదిలించే మనిషి కాబట్టి తన ఒంటికి ఢోకా లేదనే నమ్మకం. ఆక్లండ్‌లో ఆతిథ్యం ఇచ్చిన కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఒక ఆదివారం ఆయన్ని కార్న్‌వాల్ పార్కుకి వెంటబెట్టుకెళ్లాడు. అక్కడ అన్ని వయసులవాళ్లూ పోగయ్యారు. పొట్టలున్నవాళ్లు, బట్టతలవాళ్లు, అమ్మమ్మల్లాంటివాళ్లు. అందరూ కలిసి పరుగందుకున్నారు. అర మైలు దాటేసరికి బోవర్‌మన్‌కి ఎగశ్వాస మొదలైంది. గుంపు ముందుకి సాగిపోయింది. డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన మాత్రం వెనక్కి తగ్గి, ఈయన పక్కనే నింపాదిగా పరిగెడుతూ, కబుర్లు చెబుతూ చివరిదాకా తీసుకొచ్చాడు. ఆ పెద్దాయనకి అప్పటికే ఒకటికి మించి గుండెపోట్లు వచ్చి ఉన్నాయి.

ఇవాళ తెల్లవారకముందే హైదరాబాదు కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు మీద, బెంగళూరు కబ్బన్ పార్కులో బూట్లు టకటకలాడిస్తూ పోయేవాళ్ల వంశవృక్షం గీస్తే వేళ్లు ఆ ఆక్లండ్ పార్కులో తేలతాయి. మారథాన్ కథ చెప్పమంటే అందరూ గ్రీసు దాకా పోతారు. యుద్ధవార్త మోసుకొచ్చి కుప్పకూలిన సైనికుడితో మొదలుపెడతారు. నాకు ఆ కథతో పేచీ ఉంది. ఆ సైనికుడు పనిమీద పరిగెత్తాడు, పరిగెత్తి చచ్చిపోయాడు. పార్కులో పరిగెత్తే మనిషికి చేరవేయాల్సిన వార్త లేదు, చచ్చే ఉద్దేశం అంతకన్నా లేదు. పరుగు మనిషి పుట్టినప్పటినుంచీ ఉంది. పెద్దవాళ్లు, నలుగురూ చూస్తుండగా, గెలుపోటముల ఊసు లేకుండా, పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరిగెత్తడం మాత్రం అరవై ఏళ్ల నాటి సంగతి. కనిపెట్టాల్సి వచ్చింది ఆ నెమ్మదినే.

అంతకుముందు మన దగ్గర పరుగు కూలి పని. రైళ్లు రాకముందు తపాలా సంచి మోసింది హర్కారాలు. చేతిలో బల్లెమో కర్రో, దానికి గజ్జెలు, అడవిదారిలో జంతువులు తప్పుకోవాలని. ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి పరుగు, అక్కడ సంచి ఇంకొకరి భుజానికి. పల్లకీ మోసే బోయీలదీ పరుగులాంటి నడకే. లోపల కూర్చున్న దొరకి కుదుపు తగలకుండా అడుగులో అడుగు కలపాలి. పరిగెత్తేవాడు ఒక కులం, పరిగెత్తించేవాడు ఒక కులం అన్నమాట. పరువుగల మనిషి వీధిలో పరిగెత్తాడంటే ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనో, బండి తప్పిపోతోందనో అనుకునేవాళ్లు. వ్యాయామం లేదని కాదు. ఉత్తరాంధ్రలో తాలింఖానాలుండేవి. కోడి రామమూర్తి నాయుడు లాంటి మల్లుడు ఆ గడ్డమీదివాడే. దండీలు, బస్కీలు, కుస్తీ, కర్రసాము, బరువులెత్తడం వాటి పాఠాలు. అంతా నాలుగు గోడల మధ్య, మట్టి గోదాలో, గురువు కళ్ల ముందు. ఒళ్లు పెంచడం విద్య. ఒళ్లు తగ్గించుకోవడానికి రోడ్డున పడాల్సిన అవసరం అప్పటికింకా రాలేదు.

ఆ అవసరం పుట్టించింది కుర్చీ. దీనికి తిరుగులేని సాక్ష్యం లండన్ బస్సుల్లో దొరికింది. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, తోటివాళ్లతో కలిసి, లండన్ రవాణా సంస్థ ఉద్యోగులు దాదాపు 31,000 మంది ఆరోగ్య లెక్కలు తీశాడు. రెండంతస్తుల బస్సు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్లు కొట్టడానికి రోజుకి వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే పొగ, ఇంచుమించు ఒకే రకం బతుకు. గుండెజబ్బు మాత్రం డ్రైవర్లకే ఎక్కువ. 1953లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చినప్పుడు చాలామంది వైద్యులు నమ్మలేదు. గుండెకీ కాళ్లకీ ఏం సంబంధం అన్నది ఆనాటి ధోరణి. మోరిస్ తన లెక్కల్ని తానే నమ్మి, 1960లలో లండన్ హ్యాంప్‌స్టెడ్ హీత్‌లో కోటు విప్పి కొడుకు చేతికిచ్చి పరిగెత్తేవాడు. చూసినవాళ్లు మతి చలించిందనుకున్నారట. ఆయన నూరేళ్లకి కాస్త ఇవతల, 2009లో పోయాడు. మన ఆర్టీసీ బస్సుల్లో ఇలాంటి లెక్క ఎవరైనా తీస్తే బాగుండేది. ఒక అంతస్తు బస్సే అయినా, పండగరోజుల్లో జనాన్ని చీల్చుకుంటూ వెనక సీటు దాకా వెళ్లొచ్చే కండక్టరు చేసేదీ తక్కువ కసరత్తు కాదు.

1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చింది. అప్పటిదాకా గుండెపోటుకి మందు మంచమే. వారాల తరబడి కదలనిచ్చేవాళ్లు కాదు. అధ్యక్షుణ్ణి చూసిన పాల్ డడ్లీ వైట్ అనే హృద్రోగ నిపుణుడు ఆ పద్ధతిని పక్కనపెట్టి, మనిషిని లేపి నడిపించాలని పత్రికల వాళ్ల ముందే చెప్పాడు. మరుసటి ఏడాది ఐసెన్‌హోవర్ మళ్లీ పోటీ చేసి గెలిచాడు. గుండెజబ్బు మనిషి నడవొచ్చని దేశానికి తెలిసింది. అతను పరిగెత్తొచ్చని తెలియడానికి మాత్రం ఒక చెప్పుల పనివాడు కావాల్సి వచ్చింది.

ఆర్థర్ లిడియార్డ్ చదువు పెద్దగా లేనివాడు. ఆక్లండ్‌లో బూట్ల ఫ్యాక్టరీలో పని, రాత్రిళ్లు పాలు పోసే పని కూడా చేశాడు. కుర్రతనంలో రగ్బీ ఆడాడు కాబట్టి గట్టివాణ్ణే అనుకున్నాడు. 1940లలో తనకన్నా వయసులో పెద్దవాడైన ఒక క్లబ్బు పెద్దతో అయిదు మైళ్లు పరిగెత్తి నోట మాట రాక చతికిలబడ్డాడు. ఇరవై ఏడేళ్లకే ఇలా ఉంటే నలభై ఏడుకి ఎలా ఉంటానన్న భయం పట్టుకుంది. ఆ భయంతో తన ఒంటినే ప్రయోగశాల చేసుకున్నాడు. వారానికి 250 మైళ్ల దాకా పరిగెత్తి చూశాడు, మరీ తక్కువా పరిగెత్తి చూశాడు. ఎక్కువ వేగంతో పరిగెత్తితే ఒళ్లు చితుకుతోంది. మరీ నెమ్మదైతే ఎదుగుదల లేదు. ఊపిరి అందుతూ, అలసట హాయిగా ఉండే వేగంలో, వారానికి వంద మైళ్లు చాలు అని ఏళ్ల తరబడి తేల్చుకున్నాడు. దాని వెనకున్న శాస్త్రం తర్వాత వచ్చింది. అలాంటి నెమ్మది పరుగులో గుండె ఒక్క దెబ్బకి ఎక్కువ రక్తం తోడడం నేర్చుకుంటుంది, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. వేగం అన్నది ఆ పునాది మీద చివర్లో వేసే అంతస్తు.

ఈ పిచ్చి లెక్కని ఆయన తన పేటలోని కుర్రాళ్ల మీద వేశాడు. ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేవాణ్ణి కూడా ఆదివారంపూట వైటాకెరె కొండల్లో 22 మైళ్లు తిప్పేవాడు. రెండు నిమిషాల్లోపు అయిపోయే పందేనికి రెండు గంటల పైబడ్డ సాధన ఎందుకని మిగతా కోచ్‌లు నవ్వారు. 1960 సెప్టెంబరు 2న, రోమ్ ఒలింపిక్స్‌లో, ఆ పేట కుర్రాళ్లలో పీటర్ స్నెల్ 800 మీటర్ల బంగారం గెలిచాడు. గంట అటూ ఇటూగా, అదే మైదానంలో, ఎడమ చెయ్యి సరిగా పనిచేయని ముర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్ల బంగారం గెలిచాడు. ఆపైన బారీ మగీ మారథాన్‌లో కంచు తెచ్చాడు. ఆ మారథానే అబెబె బికిలా చెప్పుల్లేని కాళ్లతో గెలిచినది. నవ్విన కోచ్‌లు నోట్‌బుక్కులు పట్టుకుని ఆక్లండ్ దారి పట్టారు.

పతకాలు వచ్చాక లిడియార్డ్‌ని ఊళ్లో క్లబ్బుల వాళ్లు ఉపన్యాసాలకి పిలిచారు. ఎదురుగా కూర్చునేవాళ్లు రిటైరైన వ్యాపారులు, సిగరెట్లు కాల్చేవాళ్లు, గుండెపోటు తప్పించుకుని బతుకుతున్నవాళ్లు. ఒలింపిక్ వీరుడికి పనికొచ్చింది మీకూ పనికొస్తుంది, మీరు చేయాల్సిందల్లా ఇంకా నెమ్మదిగా చేయడమే అని ఆయన వాదన. 1962లో, మాజీ క్రీడాకారుడు కోలిన్ కే చొరవతో, ఆక్లండ్ జాగర్స్ క్లబ్ పుట్టింది. ఈ కోలిన్ కే తర్వాత ఆ ఊరికి మేయర్ కూడా అయ్యాడు. క్లబ్బు నియమం ఒకటే. పక్కవాడితో మాట్లాడలేకపోతున్నావంటే వేగం ఎక్కువైనట్టు. స్టాప్‌వాచ్ లేదు, నాడి చూసే యంత్రం లేదు. మాట ఆడితే సరి, ఆడకపోతే తగ్గు. ఇంత చవకైన వైద్య పరికరం ఆ తర్వాత ఎవరూ కనిపెట్టలేదని నా ఉద్దేశం. దాన్ని వాడాలంటే తోడు ఒకరుండాలి కాబట్టి, ఆ నియమమే జనాన్ని గుంపుగా కట్టింది. జాగింగ్ వ్యాయామంగా కన్నా ముందు రచ్చబండగా బతికింది అంటే అతిశయోక్తి కాదు.

బోవర్‌మన్ ఆరు వారాలు అక్కడే ఉండి, రోజూ పరిగెత్తి, పొట్ట తగ్గించుకుని ఇంటికెళ్లాడు. 1963 మొదట్లో, యూజీన్ అనే తన చిన్న ఊళ్లో, స్థానిక పత్రిక ద్వారా కబురంపాడు: ఆదివారం మైదానానికి రండి, కలిసి పరిగెడదాం. మొదటి వారం పాతికా పరకా వచ్చారు. కొద్దివారాల్లో వందలయ్యారు, ఆపైన వేలయ్యారు. ఇంతమందిలో ఎవరైనా పడి చచ్చిపోతే ఏమిటన్న బెంగతో ఆయన ఆ జాతరని ఆపేసి, హారిస్ అనే గుండె వైద్యుణ్ణి కలుపుకుని, నడివయసువాళ్ల మీద జాగ్రత్తగా పరీక్షలు పెట్టాడు. ఆ ఫలితాలతో ఇద్దరూ కలిసి 1967లో రాసిన 'జాగింగ్' అనే చిన్న పుస్తకం పది లక్షల ప్రతులు అమ్ముడైంది. మరుసటి ఏడాది వైమానిక దళ వైద్యుడు కెనెత్ కూపర్ 'ఏరోబిక్స్' వచ్చింది. పన్నెండు నిమిషాల్లో ఎంత దూరం పోగలరో చూసి గుండె దమ్ము లెక్కగట్టడం కూపర్ చూపిన పద్ధతే. మన పోలీసు, సైనిక శిక్షణల్లోకి కూడా ఆ పరీక్ష చేరింది.

బోవర్‌మన్‌కి ఇంకో ముఖం ఉంది. తన దగ్గర పరిగెత్తిన ఫిల్ నైట్‌తో కలిసి 1964లో ఆయన పెట్టిన బూట్ల వ్యాపారమే తర్వాత నైకీ అయింది. 1971 ప్రాంతంలో ఒక పొద్దున, భార్య వాఫిల్స్ చేసే పెనం కంటబడింది. మన గుంతపొంగనాల పెనానికి దొరల చుట్టం అది, కాకపోతే గుంటలు చదరంగా ఉంటాయి. అందులో కరిగిన యూరెథేన్ పోసి తేలికైన అడుగు అచ్చు తీయాలని చూశాడు. నూనె రాయడం మరిచాడు, పెనం మూత పడిపోయి ఇక తెరుచుకోలేదు. అయినా ఆలోచన నిలిచింది. ఆ గళ్ల అడుగు బూటు లోకమంతా తిరిగింది. హర్కారా ఉత్త కాళ్లతో చేసిన పనికి ఇప్పుడు పదివేల రూపాయల బూటు కావాలనుకోవడం ఆ పెనంతోనే మొదలైంది. నెమ్మదిగా పరిగెత్తమని చెప్పిన మనిషే త్వరగా పరిగెత్తాలన్న ఆశని అమ్మాడు. అందుకు ఆయన్ని తప్పుపట్టను గానీ, ఈ కథలో వేగం వెనక తలుపు తోసుకుని లోపలికొచ్చింది అక్కడే.

మొదట్లో వీధిలో పరిగెత్తేవాళ్లని చూసి జనం భయపడ్డారు. 1968లో దక్షిణ కెరొలైనాలో పరిగెడుతున్న సెనేటర్ స్ట్రామ్ థర్మండ్‌ని పోలీసు ఆపి ఆరా తీశాడంటే మామూలు మనిషి సంగతి చెప్పక్కర్లేదు. ఆడవాళ్లకి ఇంకా కష్టం. మారథాన్ దూరం పరిగెత్తితే ఆడదాని ఒళ్లు పాడవుతుందని నిర్వాహకులే నమ్మేవాళ్లు. 1966లో బాబీ గిబ్ బోస్టన్ మారథాన్ మొదలయ్యేచోట పొదలో దాక్కుని, పురుషుల గుంపు కదలగానే అందులో కలిసింది. మరుసటి ఏడాది క్యాథరిన్ స్విట్జర్ పొడి అక్షరాల పేరుతో నమోదై, 261 నంబరు కట్టుకుని పరిగెడుతుంటే, నిర్వాహకుడొకాయన దారి మధ్యలో ఆ నంబరు పీకేయబోయాడు. ఆమె ఆగలేదు. బోస్టన్ అధికారికంగా ఆడవాళ్లకి తలుపు తీసింది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ 1984 దాకా రాలేదు.

ఇక పార్కుల సంగతి. ఊరి మధ్య పార్కులు కట్టింది పరుగు కోసం కాదు. షికారు కోసం, బండ్ల సవారీ కోసం, బ్యాండు మేళం వినడం కోసం. మోటారు కార్లు వచ్చాక పార్కుల్లోని దారులు కూడా వాటి పాలయ్యాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 1960ల చివర్లో సెలవురోజుల్లో కార్లు ఆపడం మొదలుపెట్టారు. ఖాళీ అయిన ఆ దారుల్లోనే 1970 సెప్టెంబరులో మొదటి న్యూయార్క్ మారథాన్ జరిగింది. ప్రవేశ రుసుము ఒక డాలరు, బయలుదేరినవాళ్లు 127 మంది, ముగించినవాళ్లు 55 మంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఫ్రాంక్ షార్టర్ మారథాన్ గెలవడం అమెరికా జనం ఇళ్లల్లో టీవీలో చూశారు. 1976కి న్యూయార్క్ పరుగు పార్కు దాటి నగరంలోని అయిదు భాగాలూ చుట్టింది. సెంట్రల్ పార్కు దారుల్లోంచి కార్లు పూర్తిగా పోవడానికి 2018 దాకా పట్టింది.

ఆ వెల్లువలో జిమ్ ఫిక్స్ రాసిన పరుగు పుస్తకం, 1977లో, ఇంటింటికీ చేరింది. ముప్పై అయిదేళ్లప్పుడు ఆయన స్థూలకాయుడు, రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు. తండ్రి నలభై మూడేళ్లకే గుండెజబ్బుతో పోయాడు. పరుగు ఆయన బరువునీ సిగరెట్లనీ వదిలించింది. 1984 జులైలో, వెర్మాంట్‌లో, యాభై రెండేళ్ల వయసులో, పరుగు మధ్యలోనే పడిపోయి మరణించాడు. రక్తనాళాలు ఎప్పటినుంచో పూడుకుపోయి ఉన్నాయి. పరుగంటే గిట్టనివాళ్లకి ఇప్పటికీ ఆ చావే ఉదాహరణ. పరుగు లేకపోతే తండ్రి వయసులోనే పోయేవాడేమో అన్నది రెండోవైపు వాదన. రెండింటికన్నా నాకు పనికొచ్చేది మూడోది. పరుగు మొదలుపెట్టేముందు డాక్టరుకి చూపించుకోమని బోవర్‌మన్, హారిస్, కూపర్ ముందే చెప్పి ఉన్నారు. ఆ మాట పాటించడానికి మనలో చాలామందికి తీరిక ఉండదు గానీ, బూట్లు కొనడానికి ఉంటుంది.

మన దగ్గరికి ఇది రెండు విడతల్లో వచ్చింది. మొదట వచ్చింది నడక. ఉద్యోగ విరమణ చేసినవాళ్లు, షుగరు బయటపడ్డవాళ్లు, డాక్టరు మందలించినవాళ్లు. హైదరాబాదులో ఇందిరా పార్కుకి 1975లో శంకుస్థాపన జరిగి, 1978లో జనానికి తెరిచారు. జూబ్లీ హిల్స్‌లో నిజాం వంశీకుల చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవిని 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. దాదాపు 390 ఎకరాల రాళ్లూ పొదలూ నెమళ్లూ. జాతీయ ఉద్యానం హోదా ఇచ్చింది ఆ చెట్లనీ నెమళ్లనీ కాపాడటానికి. ఊరు దాన్ని వాడుకున్నది మాత్రం షుగరు తగ్గించుకోవడానికి. ఊరూరా వాకర్స్ అసోసియేషన్లు వెలిశాయి. విశాఖ కేంద్రంగా పనిచేసే వాకర్స్ ఇంటర్నేషనల్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శాఖలు వేసుకుంది. అధ్యక్షులు, కార్యదర్శులు, పుట్టినరోజు శాలువాలు, పార్కు గేటు దగ్గర ఉగాది పచ్చడి. ఆక్లండ్ వాళ్ల రచ్చబండని మనవాళ్లు సంఘంగా మార్చారు. ఎన్నికలొస్తే అభ్యర్థులు టీషర్టు తొడుక్కుని తెల్లవారేసరికి ఈ గేట్ల దగ్గరే వాలతారు.

ఈ పొద్దుటి జనానికి రాజకీయ బలం ఉందని హైదరాబాదు రెండుసార్లు చూసింది, రెండు విధాలుగా. 2016లో కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టే పథకం వస్తే, అక్కడ నడిచేవాళ్లూ పరిగెత్తేవాళ్లూ రోడ్డెక్కారు, వ్యవహారం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. మరుసటి ఏడాది ఇందిరా పార్కు పక్కన ధర్నా చౌక్‌ని ఎత్తేసే గొడవలో, అది వద్దనేవాళ్ల పక్షాన వాకర్ల పేరు వినిపించింది. ఒకచోట చెట్టుకి కాపలా, ఇంకోచోట నినాదానికి అడ్డు. పార్కుని తమ ఇంటి పెరడు అనుకోవడంలో మంచీ ఉంది, పెరట్లోకి పరాయివాళ్లు రాకూడదనే మంకూ ఉంది.

రెండో విడత పరుగు. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, మరుసటి ఏడాది ఆఫ్రో ఏషియన్ క్రీడలు హైదరాబాదులో జరిగి, గచ్చిబౌలిలో పెద్ద స్టేడియం వచ్చింది. చుట్టూ సాఫ్ట్‌వేర్ కంపెనీలు, వాటి నిండా లండన్ డ్రైవర్లలా రోజంతా కూర్చునేవాళ్లు. 2004లో ముంబయి మారథాన్ మొదలై, మామూలు ఉద్యోగి కూడా 42 కిలోమీటర్లు పరిగెత్తొచ్చని చూపించింది. 2007లో హైదరాబాద్ రన్నర్స్ బృందం ఏర్పడింది. ఇప్పుడు ఆగస్టు చివర నగర మారథాన్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున మొదలై, ఫ్లైఓవర్లు ఎక్కి దిగి గచ్చిబౌలి చేరుతుంది. ఎత్తుపల్లాలకీ ఉక్కపోతకీ అది దేశంలో పేరుమోసింది. విశాఖలో నౌకాదళం మారథాన్ 2014 నుంచి జరుగుతోంది. అమెరికాలో తెలుగు సంఘాలు కూడా చందాల కోసం నాటకాలతో పాటు అయిదు కిలోమీటర్ల పరుగులు పెడుతున్నాయి.

తెల్లవారుజాము అన్న ముహూర్తం మాత్రం మనం చేర్చుకున్నది. చలిదేశాల్లో మధ్యాహ్నం పరిగెత్తినా పోయేదేం లేదు. ఇంగ్లండులో ఉచితంగా జరిగే పార్క్‌రన్, 2004 అక్టోబరులో లండన్ దగ్గర బుషీ పార్కులో 13 మందితో మొదలై లోకమంతా పాకినది, శనివారం తొమ్మిదింటికి మొదలవుతుంది. మన దగ్గర మే నెలలో తొమ్మిదింటికి పరుగు పెడితే అంబులెన్సు కూడా వెంట పరిగెత్తాలి. ఎండకి తోడు వాహనాలు. అందుకే బతికి ఉన్న రోడ్డు దొరికేది అయిదు నుంచి ఏడు మధ్యనే. విశాఖ బీచ్ రోడ్డు మీద పొద్దున్నే రెండు గంటలు వాహనాలు ఆపేస్తారు. ఆ గంటల్లో ఆ దారి నగరంలోకెల్లా గొప్ప పార్కు. కబ్బన్ పార్కులోనూ పొద్దుటిపూట వాహనాలకి గేట్లు మూస్తారు. స్టేడియాలు కట్టడం కన్నా ఇలా రెండు గంటలు రోడ్డు మూయడమే నగరపాలకులు చేసిన మంచిపని అంటాను. దానికి టెండర్లు అక్కర్లేదు కాబట్టే కాబోలు, ఎక్కువ ఊళ్లలో చేయరు.

పొద్దుటి గాలి అమృతం అన్న నమ్మకం మీద ఒక చిన్న అభ్యంతరం. చలికాలంలో నేల త్వరగా చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి కిందే నిలిచిపోతుంది. పైనున్న వెచ్చటి గాలి మూతలా పనిచేస్తుంది. రాత్రి పొగా దుమ్మూ ఆ మూత కిందే ఉండిపోతాయి. ఎండ కాస్త ఎక్కితే గానీ మూత లేవదు. డిసెంబరు, జనవరి నెలల్లో పెద్ద నగరంలో అయిదింటి గాలికన్నా ఎండెక్కిన తర్వాతి గాలే మెరుగు. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది. వీధికుక్కలకీ పరుగుకీ పడదన్నది ఇంకో వాస్తవం. నడిచేవాణ్ణి వదిలేసి పరిగెత్తేవాణ్ణే తరుముతాయి. పేటల్లో చాలామంది చేతికర్ర పట్టుకునే పరిగెడతారు. గజ్జెలు లేవుగానీ హర్కారా పద్ధతే. ఆడవాళ్లకి ఆ గంటలో కుక్కలకన్నా పెద్ద అడ్డం వంటిల్లు. డబ్బాలు సర్ది, పిల్లల్ని బడికి పంపేసరికి పార్కు గేటు దగ్గర రాగి జావ, గోధుమగడ్డి రసం అమ్మేవాళ్లు కూడా సర్దుకుని వెళ్లిపోతారు. పొద్దున్నే పార్కులో కనిపించే ఆడవాళ్లలో యాభై దాటినవాళ్లూ పెళ్లికానివాళ్లూ ఎక్కువ ఉండటం యాదృచ్ఛికం కాదు.

ఇక నెమ్మది సంగతికొస్తే, అది కొత్త పరుగులో కరిగిపోతోంది. ముంజేతికి గడియారం, చెవుల్లో పాట, ముగియగానే కిలోమీటరుకి ఎన్ని నిమిషాలో వాట్సాప్‌లో బొమ్మ. చెవులు మూసుకున్నవాడికి మాట్లాడే పరీక్ష పనిచేయదు. మాట్లాడటానికి పక్కన ఎవరూ లేరు. గడియారం నాడి కొలుస్తుంది నిజమే, కానీ నాడి ఎక్కువైందని మోగగానే ఆగేవాళ్లకన్నా, నిన్నటి సమయాన్ని దాటాలని ఇంకాస్త ఊపు పెంచేవాళ్లనే ఎక్కువ చూస్తాను.

జిల్లా కేంద్రాల మైదానాల్లో తెల్లవారుజాము ఇంకోలా ఉంటుంది. అక్కడ వేగం సరదా కాదు. కానిస్టేబులు ఉద్యోగానికి 1,600 మీటర్ల పరుగు దాటాలి. సైన్యంలో చేరాలన్నా అదే దూరం, ఇంకా తక్కువ సమయంలో. శ్రీకాకుళం, విజయనగరం నుంచి పాలమూరు, ఆదిలాబాద్ దాకా పల్లెటూరి కుర్రాళ్లు, ఇప్పుడు అమ్మాయిలూ, నాలుగున్నరకే వచ్చి ట్రాకు లోపలి లైను పట్టుకుంటారు. బయటి లైన్లలో రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, షుగరు మనుషులు. "సార్, లోపలి లైను వదలండి" అని వెనకనుంచి కేక, "ముందు చూసుకుని ఉరకండయ్యా" అని జవాబు. నోటిఫికేషన్ పడిన నెలల్లో మైదానం కిటకిటలాడుతుంది, పరీక్షలైపోతే లోపలి లైను ఖాళీ. ఉద్యోగం వచ్చినవాళ్లు కొందరు పదేళ్ల తర్వాత మళ్లీ కనిపిస్తారు. స్టేషన్ డ్యూటీలతో పొట్ట వచ్చి, బీపీ వచ్చి, డాక్టరు చెప్పాక, ఈసారి బయటి లైన్లో.